బీఎస్సీ మూడో ఏడు బయాలజీ పేపర్లలో అసలు ఏం చదవాలి?

లంక_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది కోనసీమ. గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ జువాలజీ మేజర్, కెమిస్ట్రీ మైనర్. ఇప్పుడు మూడో ఏడులోకి వచ్చాను. మొదటి రెండేళ్లూ ఎక్కువగా జంతు వైవిధ్యమే. ఒక్కో ఫైలం లక్షణాలు, ఒక్కో జంతువు వర్ణన, బొమ్మ వేసి భాగాలు గుర్తించడం. కూర్చుని కంఠతా పట్టాను, మార్కులు బాగానే వచ్చాయి.

ఇప్పుడు జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ, ఎంబ్రియాలజీ, ఇమ్యునాలజీ, ఫిజియాలజీ, బయోటెక్నాలజీ అంటున్నారు. సిలబస్ కాగితం చూస్తే ఒక్కో యూనిట్ నాలుగు లైన్లే ఉంటుంది. పుస్తకం తెరిస్తే ఒక్కో లైనుకీ అరవై పేజీలు. ఎంత లోతుకి వెళ్లాలో తెలియట్లేదు. సీనియర్లు 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' జిరాక్సు కాపీ ఇచ్చి ఇది చాలు అన్నారు. నాకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గానీ మరే మంచి చోట గానీ ఎమ్మెస్సీ చేయాలని ఉంది. ఆ జిరాక్సు చాలదేమోనని టెన్షన్‌గా ఉంది. ఈ పేపర్లు చదివినవాళ్లు, చెప్పినవాళ్లు ఒక్కో దాంట్లో నిజంగా నేర్చుకోవలసింది ఏమిటో చెబుతారా?

మార్కులు_ముందు:
చెల్లీ, ఆ జిరాక్సుని తీసిపారేయకు. సెమిస్టర్ పరీక్షలో వచ్చేది వ్యాస ప్రశ్నే. 'డీఎన్‌ఏ ప్రతికృతి విధానాన్ని వివరించుము' అంటే ఎంజైముల పేర్లు వరసగా రాసి, రెప్లికేషన్ ఫోర్క్ బొమ్మ శుభ్రంగా వేస్తేనే మార్కులు పడతాయి. ముందు పాసవ్వాలి, పర్సంటేజీ నిలబడాలి, తర్వాతే మిగతావి. నేను అలాగే చదివాను. ఇప్పుడు ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను.

ఏజెన్సీ_లెక్చరర్:
అమ్మా, పైన ఆయన చెప్పింది పరీక్ష వరకు నిజమే. వ్యాసం రాయడం రావాలి. కానీ నువ్వడిగింది వేరే. నేను ఏజెన్సీలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతాను. మూడో ఏడులోకి వచ్చేసరికి నా పిల్లలందరికీ ఒకటే చెబుతాను: ఇకమీదట 'ఏమిటి' అన్నదానికంటే 'ఎలా తెలిసింది' అన్నది ముఖ్యం. జంతు వైవిధ్యంలో వానపాము నెఫ్రీడియా ఎన్ని రకాలో తెలిస్తే చాలు. మాలిక్యులర్ బయాలజీలో అది చాలదు.

డీఎన్‌ఏ ప్రతికృతినే తీసుకో. సెమీ కన్జర్వేటివ్ (ప్రతి కొత్త డీఎన్‌ఏలో ఒక పోగు పాతది, ఒకటి కొత్తది) అని ఒక్క ముక్క రాస్తే అయిపోతుంది అనుకుంటారు. 1958లో మెసెల్సన్, స్టాల్ ఏం చేశారో చూడు. ఇ. కోలై అనే బాక్టీరియాని చాలా తరాలపాటు బరువైన నైట్రోజన్-15 ఉన్న మీడియంలో పెంచారు. తర్వాత మామూలు నైట్రోజన్-14లోకి మార్చారు. తరం తరానికీ డీఎన్‌ఏ తీసి సీజియం క్లోరైడ్‌లో గంటల తరబడి మహా వేగంగా తిప్పారు. అలా తిప్పితే డీఎన్‌ఏ తన సాంద్రతకి తగిన చోట ఒక పట్టీగా నిలుస్తుంది. మొదటి తరంలో ఒకే పట్టీ వచ్చింది, అదీ మధ్యలో. పాత డీఎన్‌ఏ చెక్కుచెదరకుండా ఉండి, కొత్తది విడిగా తయారయ్యేదయితే రెండు పట్టీలు రావాలి. రాలేదు కాబట్టి ఆ ఊహ పోయింది. కానీ పాతా కొత్తా ముక్కలు కలగాపులగంగా అతుక్కుంటాయన్న మూడో ఊహ ఇంకా బతికే ఉంది, ఎందుకంటే అప్పుడు కూడా మధ్యలో ఒకే పట్టీ వస్తుంది. దాన్ని కొట్టేసింది రెండో తరం. సగం మధ్యలో, సగం పైన తేలికగా, రెండు పట్టీలు విడివిడిగా కనిపించాయి.

ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను: మూడో తరంలో మధ్య పట్టీలో ఎంత భాగం ఉంటుంది? నాలుగో వంతు. ఇది నువ్వు బొమ్మ వేసుకుని చెప్పగలిగితే ఆ యూనిట్ నీకు వచ్చినట్టే. వ్యాసం కూడా దానంతట అదే వస్తుంది.

తార్నాక_ఫెలో:
సార్ చెప్పినదానికి నాదొక ఉదాహరణ. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, కొత్తగా వచ్చే ఎమ్మెస్సీ పిల్లలతో పనిచేస్తుంటాను. లాక్ ఆపరాన్ (బాక్టీరియాలో లాక్టోజ్‌ని వాడుకునే ఎంజైముల జన్యువులు, వాటి తాళం) బొమ్మ గీయమంటే అందరూ గీస్తారు. రెప్రెసర్, ఆపరేటర్, లాక్టోజ్ రాగానే రెప్రెసర్ ఊడిపోవడం, అన్నీ చెబుతారు. 'ఐ' జన్యువు పాడైన బాక్టీరియాలోకి మంచి 'ఐ' జన్యువున్న ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) పంపితే ఏమవుతుంది అని అడిగితే మాత్రం ఆగిపోతారు.

జాకబ్, మోనో 1961లో వాదించింది ఇలాంటి ప్రయోగాల మీద నిలబడే. 'ఐ' పాడయితే లాక్టోజ్ లేకపోయినా ఎంజైము తయారవుతూనే ఉంటుంది. మంచి 'ఐ' వేరే డీఎన్‌ఏ మీద ఉన్నా సరే, నియంత్రణ తిరిగి వస్తుంది. ఎందుకు? 'ఐ' నుంచి వచ్చే రెప్రెసర్ కణమంతా తిరగగల ప్రొటీన్. ఆపరేటర్ పాడయితే అలా కాదు. మంచి ఆపరేటర్‌ని వేరే డీఎన్‌ఏ మీద ఎన్నిసార్లు పెట్టినా ఫలితం ఉండదు, ఎందుకంటే ఆపరేటర్ తన పక్కనున్న జన్యువులకే తాళం. ఒకటి తయారుచేసే జన్యువు, ఇంకొకటి కూర్చునే చోటు. ఈ తేడా రెప్రెసర్‌ని కంటితో చూడకుండానే, ఒట్టి క్రాసులతో తేల్చారు. నాకు బీఎస్సీలో ఇది అర్థమైన రోజే ఈ సబ్జెక్టు మీద మనసు పడింది.

ఎంట్రన్సుల సంగతి. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, తెలంగాణ యూనివర్సిటీలకు సీపీగెట్, ఆంధ్రలో ఏపీ పీజీసెట్, ఐఐటీలకు జామ్, బయోటెక్నాలజీ కోర్సులకు గాట్-బీ. జామ్ బయోటెక్నాలజీ పేపర్లో బయాలజీతోపాటు ఇంటర్ స్థాయి కెమిస్ట్రీ, ఫిజిక్స్, మాథ్స్ కూడా ఉంటాయి. మన బైపీసీ పిల్లలు దెబ్బతినేది అక్కడే. లాగరిథమ్స్, ప్రాబబిలిటీ, గ్రాఫులు చదవడం ఇప్పటి నుంచే పెట్టుకో చెల్లీ. బయాలజీలోనే వాటితో పని పడుతుంది, వేరే సబ్జెక్టు అనుకోవద్దు.

లంక_అమ్మాయి:
సార్, అన్నా, చాలా థాంక్స్. మూడో తరం బొమ్మ వేశాను, వచ్చింది. లాక్ ఆపరాన్ ఇంకోసారి చదవాలి. ఫిజియాలజీలో లెక్కలు ఎక్కడొస్తాయి? మా నోట్సులో నాడీ ప్రచోదనం అని ఒక గ్రాఫు ఉంది, అంతే.

తార్నాక_ఫెలో:
ఆ గ్రాఫులోని మైనస్ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ చెప్పరు. నెర్న్‌స్ట్ సమీకరణం అని ఉంటుంది, పొరకి లోపలా బయటా ఉన్న అయాన్ గాఢతల నుంచి వోల్టేజీ లెక్కకట్టేది. కణం లోపల పొటాషియం 140, బయట 5 మిల్లీమోలార్ అనుకో. శరీర ఉష్ణోగ్రత దగ్గర 61.5ని లాగ్ (5/140)తో గుణించు. మైనస్ 89 మిల్లీవోల్టులు వస్తుంది. నాడీకణం విశ్రాంతిలో ఉన్నప్పుడు పొర వోల్టేజీ దీనికి దగ్గరగా, మైనస్ 70 ప్రాంతంలో ఉంటుంది. అంటే ఆ సమయంలో పొర పొటాషియాన్నే ఎక్కువగా పోనిస్తోందని, సోడియం కూడా కాస్త లోపలికి కారుతోందని అర్థమవుతుంది. బయట పొటాషియం పెరిగితే ఆ అంకె ఎటు జరుగుతుందో లెక్కవేసి చూడు. కిడ్నీ రోగుల్లో పొటాషియం పెరిగితే డాక్టర్లు గుండె గురించి ఎందుకు కంగారు పడతారో తెలుస్తుంది.

ఆక్వా_పీసీఆర్:
నమస్తే అండి. మాది భీమవరం పక్క. బీఎస్సీ బయోటెక్నాలజీ చేసి రొయ్యల సీడ్ టెస్ట్ చేసే ల్యాబులో పనిచేస్తున్నా. ఆ అమ్మాయి బయోటెక్నాలజీ పేపర్ గురించి అడిగింది కాబట్టి నా పని చెబుతాను.

పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కని కోట్ల కాపీలు చేసే పద్ధతి) అనగానే పుస్తకంలో మూడు మెట్లు. 94-95 డిగ్రీల దగ్గర పోగులు విడదీయడం, 55 అటూ ఇటూ ప్రైమర్లు అతుక్కోవడం, 72 దగ్గర పొడిగించడం. 30 సైకిళ్లు సరిగ్గా రెట్టింపు అయితే ఒక్క కాపీ 107 కోట్లు దాటుతుంది. పరీక్షలో ఇది రాస్తే సరిపోద్ది. ల్యాబులో అసలు తలనొప్పి ఆ 107 కోట్లతోనే. ఒక్క చుక్క పాత శాంపిల్ పిపెట్‌కి అంటుకున్నా అది కూడా కోట్లయి కూర్చుంటుంది.

రైతు హ్యాచరీ నుంచి వనామి పిల్లని సంచిలో తెస్తాడు. చెరువు రెడీ చేసుకుని, సీడ్‌కి డబ్బు మాట్లాడుకుని వచ్చి ఉంటాడు. మేము వైట్ స్పాట్ వైరస్, ఈహెచ్‌పీ (రొయ్యలకి పట్టే సూక్ష్మ పరాన్నజీవి) చూస్తాం. ప్రతి రన్‌లో రెండు అదనపు ట్యూబులు తప్పనిసరి. ఒకదాంట్లో వైరస్ ఉందని ఖాయంగా తెలిసిన శాంపిల్, ఇంకోదాంట్లో డీఎన్‌ఏ లేని ఒట్టి నీళ్లు. జెల్ మీద నీళ్ల వరసలో గీత కనబడిందంటే ఆ రన్ మొత్తం పారేసి మళ్లీ మొదలు. తెలిసిన పాజిటివ్‌లో గీత రాకపోయినా అంతే. రైతు ఎంత తొందరపెట్టినా రిపోర్టు ఇవ్వకూడదు. తప్పుడు పాజిటివ్ ఇస్తే మంచి సీడ్ పారబోస్తాడు, తప్పుడు నెగటివ్ ఇస్తే చెరువు మొత్తం పోతుంది.

మా ల్యాబులో చేరడానికి వచ్చే పిల్లల్ని మేము అడిగే మొదటి ప్రశ్న: నీళ్ల ట్యూబు ఎందుకు పెడతాం? జవాబు చెప్పేవాళ్లు తక్కువ. బోలెడు మార్కులున్నవాళ్లు కూడా చెప్పలేరు.

అయోవా_నుంచి:
నేను ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ అమెరికాలో పీహెచ్‌డీ చేస్తూ డెవలప్‌మెంటల్ బయాలజీ క్లాసుకి టీఏగా ఉన్నాను. ఇక్కడ మూడో, నాలుగో ఏటి కోర్సులకి సాధారణంగా 300, 400 నంబర్లు ఉంటాయి. జెనెటిక్స్, సెల్ బయాలజీ పాసవకుండా చాలా వాటిలో చేరనివ్వరు. సిలబస్ పెద్ద తేడా ఏమీ లేదు తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మన పుస్తకాల్లో ఉన్నదే. తేడా అంతా ప్రశ్నలో ఉంది.

స్పీమన్, మాంగోల్డ్ ప్రయోగం మనం కూడా చదువుతాం. 1924. ఒక న్యూట్ (ఉభయచరం) పిండంలో బ్లాస్టోపోర్ (కణాలు లోపలికి వెళ్లే ద్వారం) పై పెదవి తీసి ఇంకో పిండం పొట్టవైపు అతికిస్తే అక్కడ రెండో పిండం అక్షం ఏర్పడింది. 'ఆర్గనైజర్' అని రాసి వచ్చేస్తాం. ఇక్కడ పరీక్షలో అడిగేది: దాతగా ఒక జాతి న్యూట్‌నీ, గ్రహీతగా వేరే రంగున్న జాతినీ ఎందుకు వాడారు? రెండో అక్షం అతికించిన ముక్కే పెరిగి తయారైందా, లేక చుట్టూ ఉన్న గ్రహీత కణాలకి ఆ ముక్క దారి చూపిందా అనేది రంగు తేడా లేకపోతే తేలదు. కొత్త నాడీనాళంలో ఎక్కువ భాగం గ్రహీత రంగే కనిపించింది. ఆర్గనైజర్ అనే మాటకి అర్థం అక్కడుంది. ఆ ప్రయోగం చేతులారా చేసింది హిల్డే మాంగోల్డ్ అనే విద్యార్థిని. ఆ ఏడే అగ్నిప్రమాదంలో చనిపోయింది. 1935లో నోబెల్ స్పీమన్‌కి వచ్చింది. మన నోట్సుల్లో ఆమె పేరు రెండో పేరుగా మిగిలిపోతుంది, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

లంక_అమ్మాయి, మీ కాలేజీలో కోడి పిండం స్లైడులు ఉన్నాయా?

లంక_అమ్మాయి:
ఉన్నాయి అక్కా. 24 గంటలు, 48, 72, 96. చాలా పాతవి, రంగు వెలిసిపోయాయి. స్పాటర్లుగా పెడతారు, చూసి పేరు రాసి పక్కకి జరుగుతాం.

అయోవా_నుంచి:
మీ మేడమ్‌ని అడిగి ఒక పని చేయించు. షాపులో దొరికే ఫారం గుడ్డు పనికిరాదు, అక్కడ పుంజులుండవు కాబట్టి ఫలదీకరణ జరగదు. కోనసీమలో నాటుకోళ్లకి కొదవేముంది. పుంజు తిరిగే పెరడు నుంచి పొదగని గుడ్లు తెచ్చి ఇంక్యుబేటర్‌లో 38 డిగ్రీల దగ్గర, కాస్త తేమ ఉండేలా పెట్టండి. గుడ్డుని కదలకుండా ఒకే భంగిమలో ఉంచితే పిండం పచ్చసొన పైకి వచ్చి నిలుస్తుంది. సుమారు ఒకటిన్నర రోజు దాటాక పైపెంకుకి చిన్న కిటికీ కోయండి. మధ్యలో రంధ్రం చేసిన ఫిల్టర్ పేపర్ ముక్కని పిండం చుట్టూ ఉన్న పొర మీద ఆనిస్తే అతుక్కుంటుంది. చుట్టూ కత్తిరించి గోరువెచ్చని సెలైన్‌లోకి తీయండి. మామూలు డిసెక్షన్ మైక్రోస్కోప్ చాలు. గుండె 33 గంటల ప్రాంతంలో కొట్టుకోవడం మొదలవుతుంది. ఆ సమయానికి రక్తనాళాలు సరిగ్గా ఏర్పడి కూడా ఉండవు, పంపడానికి ఇంకా రక్తప్రవాహం లేదు. అయినా ఆ చిన్న గొట్టం ముడుచుకుంటూ ఉంటుంది. వెలిసిపోయిన 48 గంటల స్లైడులో తల ఎందుకు పక్కకి తిరిగి ఉందో, 33 గంటల్లో తిన్నగా ఉన్నది ఎలా మెలిపడిందో అప్పుడు అర్థమవుతుంది.

బోటనీ_మేడమ్:
అందరూ జువాలజీ గురించే మాట్లాడుతున్నారు. బోటనీ మూడో ఏడు పిల్లలు కూడా ఇక్కడ చదువుతూ ఉంటారు కాబట్టి ప్లాంట్ బ్రీడింగ్ గురించి చెబుతాను. ఆ పేపర్ని బ్రీడింగ్ పద్ధతుల జాబితాగా చదివి వదిలేస్తున్నారు. మన కంచంలోని అన్నంలోనే మంచి పాఠం ఉంది.

బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, తినడానికి ఎంత బాగుంటుందో బాక్టీరియా ఎండాకు తెగులుకి అంత లొంగిపోతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి దాంట్లోకి మూడు నిరోధక జన్యువులు తెచ్చాయి: ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5. మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు, మార్కర్ల సాయంతో చేసిన సంకరణం. ఎక్స్ఏ21 మొదట ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది.

డీఎన్‌ఏ మార్కర్ ఎందుకు కావలసి వచ్చింది? ఈ ప్రశ్న నా క్లాసులో తప్పక అడుగుతాను. ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అంతర్గత జన్యువులు, అంటే రెండు కాపీలూ ఉంటేనే గుణం బయటపడుతుంది. బ్యాక్‌క్రాస్ చేసిన (మళ్లీ సాంబ మసూరితోనే సంకరించిన) ప్రతి తరంలోనూ మొక్కలో ఒక కాపీయే ఉంటుంది, కాబట్టి తెగులు సోకించి చూస్తే ఆ జన్యువు ఉన్న మొక్కా, లేని మొక్కా ఒకేలా ఎండిపోతాయి. పైగా ఎక్స్ఏ21 ఒక్కటి ఉన్నా మొక్క తట్టుకుంటుంది, మిగతా రెండూ ఉన్నాయో లేదో కంటికి తెలియదు. ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి జెల్ మీద చూస్తేనే తేలుతుంది. ఇంకో లెక్క కూడా వేయించండి: ఒక్కో బ్యాక్‌క్రాస్‌కీ పరాయి జన్యుభాగం సగటున సగమవుతుంది. సాంబ మసూరి భాగం మొదట 75, తర్వాత 87.5, 93.75, అలా పెరుగుతుంది. గింజ సన్నదనం, అన్నం రుచి తిరిగి రావాలంటే ఆ లెక్క ఎంతవరకు పోవాలో పిల్లలే చెబుతారు. రైతు బిడ్డలకి ఈ పాఠం చెప్పేటప్పుడు తరగతిలో ఒక్కరు కూడా కిటికీ వైపు చూడరు.

జ్వరాల_ల్యాబ్:
ఇమ్యునాలజీ గురించి ఎవరూ రాయలేదు. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి డయాగ్నొస్టిక్ ల్యాబులో ఉన్నాను. ఐజీజీ, ఐజీఎమ్, ఐజీఏ బొమ్మలు అందరూ వేస్తారు. ఆగస్టు నెలలో మా దగ్గరికొచ్చే జ్వరం శాంపిళ్లకి ఆ బొమ్మలతోనే పని. జ్వరం వచ్చిన మొదటి రోజుల్లో డెంగీ చూడాలంటే ఎన్ఎస్1 యాంటిజెన్ చేయాలి, వైరస్ ప్రొటీన్ అప్పుడే రక్తంలో ఉంటుంది. ఐజీఎమ్ యాంటీబాడీలు సుమారు ఐదో రోజు నుంచి గానీ సరిగ్గా దొరకవు. రెండో రోజున ఐజీఎమ్ మాత్రమే చేసి నెగటివ్ అంటే ఆ రిపోర్టుకి విలువ లేదు. ప్రాథమిక ప్రతిస్పందన, ద్వితీయ ప్రతిస్పందన అని పుస్తకంలో ఉన్న గ్రాఫుని రోగి జ్వరం రోజులతో పక్కపక్కన పెట్టి చదువు చెల్లీ.

వైడాల్ పరీక్ష కూడా మీకు ప్రాక్టికల్‌లో ఉండొచ్చు. టైఫాయిడ్ మామూలుగా తిరిగే మన ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో కూడా కొంత యాంటీబాడీ ఉంటుంది. అందుకే ఒక్కసారి వైడాల్ చేసి టైఫాయిడ్ అని ముద్ర వేయకూడదు. బ్లడ్ కల్చర్ ఎందుకు మేలో రాయమంటే రాయగలగాలి.

నల్లమల_పక్షి:
ఎకాలజీని ఆఖరి వారం సబ్జెక్టుగా చూడొద్దని నా మనవి. ఆహార గొలుసు, పిరమిడ్లు అని ఇంటర్‌లో చదివిందే మళ్లీ చదువుతున్నాం అనుకుంటారు. రాబందుల కథ తీసుకోండి. పశువులకి నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్, చచ్చిన పశువు మాంసం ద్వారా రాబందుల కిడ్నీలను పాడుచేస్తోందని 2004లో తేలింది. 2006లో మన దేశంలో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఆశ్చర్యం ఏమిటంటే నూటికి ఒకటికన్నా తక్కువ కళేబరాల్లో ఆ మందు ఉన్నా రాబందుల సంఖ్య కూలిపోవడానికి చాలని లెక్కల్లో తేలింది. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, చాలా ఏళ్లు బతుకుతుంది, ఒకే కళేబరం మీద గుంపుగా వాలుతుంది. పెద్ద పక్షుల మరణాలు కాస్త పెరిగినా పుట్టేవి ఆ లోటు పూడ్చలేవు. పాపులేషన్ ఎకాలజీ యూనిట్‌లోని సమీకరణాలు ఇలాంటి చోట పనికొస్తాయి. కడప జిల్లాలో 1986లో మళ్లీ కనబడిన కలివి కోడి గురించి కూడా చదవండి. అంతరించిపోయిందనుకున్న పక్షి మన ముళ్లపొదల్లోనే దొరికింది.

ఒక_తండ్రి:
మా అబ్బాయి కూడా ఇదే చదువుతున్నాడు. మీరందరూ చెప్పింది బాగుంది. ఈ చదువుకి ఉద్యోగం ఏమిటని అడిగితే తప్పుగా అనుకోకండి. అప్పు చేసి చదివిస్తున్నాం.

ఆక్వా_పీసీఆర్:
తప్పేముందండీ. మా ల్యాబ్, హ్యాచరీలు, మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్, వ్యాక్సిన్ తయారీ, డయాగ్నొస్టిక్స్, వీటిలో బీఎస్సీ వాళ్లని తీసుకుంటారు. మొదట్లో జీతం తక్కువే. చేతిలో పని ఉన్నవాడికి తొందరగా పెరుగుతుంది. పిపెట్ పట్టడం, డైల్యూషన్ లెక్క, రికార్డు సరిగ్గా రాయడం, ఈ మూడూ కాలేజీలోనే నేర్చుకోమనండి. ప్రాక్టికల్ రికార్డు పక్కవాడిది చూసి ఎక్కించే అలవాటు మాత్రం మాన్పించండి.

జ్వరాల_ల్యాబ్:
లంక_అమ్మాయి కెమిస్ట్రీ మైనర్ అంది కదా, బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్‌లో ఫాస్ఫరస్ అంచనా ఉంటే వదులుకోవద్దు. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి, 1925 నాటిది. ఫాస్ఫేట్‌కి అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, దాన్ని క్షయకరణం చేస్తే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనో అంత ఫాస్ఫేట్. ఆ సుబ్బారావు మన యల్లాప్రగడ సుబ్బారావే, 1895లో భీమవరంలో పుట్టారు. ఆక్వా_పీసీఆర్ గారి ఊరు పక్కనే. కండరం శాంపిల్‌లో ఆ నీలి రంగు అనుకున్నట్టు కాకుండా మెల్లమెల్లగా ముదరడం గమనించి, మాలిబ్డేట్ సమక్షంలో విడిపోతున్న మరో ఫాస్ఫేట్ పదార్థం ఉందని పట్టుకున్నారు. ఫాస్ఫోక్రియాటిన్ అలా బయటపడింది, 1927లో. ఏటీపీ 1929లో. మీ కలరీమీటర్‌లో రీడింగ్ కదులుతుంటే 'మెషిన్ పాడైంది' అని వదిలేయకుండా నిమిషం నిమిషానికీ రాసి చూడండి.

మార్కులు_ముందు:
ఈ ముక్క నాకు తెలియదు. రేపు క్లాసులో కండర సంకోచం చెబుతూ ఇది చెబుతాను.

ఏజెన్సీ_లెక్చరర్:
జెనెటిక్స్ మిగిలింది, నాకు ఇష్టమైన భాగం. సికిల్ సెల్ గురించి చెప్పకుండా ఉండలేను, మా పిల్లల ఇళ్లలో ఉన్న జబ్బు. బీటా గ్లోబిన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ పోయి వాలిన్ వస్తుంది. డీఎన్‌ఏలో జీఏజీ కాస్తా జీటీజీ అవుతుంది. ఆ ఒక్క అక్షరం మార్పు వల్ల ఎంఎస్‌టీ-2 అనే ఎంజైము కత్తిరించే చోటు పోతుంది. మామూలు జన్యువు రెండు ముక్కలవుతుంది, సికిల్ జన్యువు ఒకే పెద్ద ముక్కగా మిగులుతుంది. వాహకుడికి జెల్ మీద ఏ గీతలు కనబడతాయి? నువ్వే వేసుకో.

మేనరికాల గురించి కూడా జెనెటిక్స్‌లోనే చదవాలి. ఒక అంతర్గత జబ్బు జన్యువు నూటికి ఒకటి ఉందనుకో. బంధుత్వం లేని దంపతుల బిడ్డకి ఆ జబ్బు వచ్చే అవకాశం పదివేలలో ఒకటి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే ఇన్‌బ్రీడింగ్ గుణకం పదహారో వంతు, అవకాశం సుమారు 7 రెట్లు. మేనమామకే ఇస్తే ఎనిమిదో వంతు, సుమారు 13 రెట్లు. జన్యువు ఎంత అరుదైతే ఈ రెట్లు అంత పెరుగుతాయి. లెక్క వేయించాక మా ఆడపిల్లలు ఇంటికెళ్లి తల్లులకి చెప్పారు.

ఇదిగో ఒక లెక్క. అంకెలు నేను వేసినవే, సర్వేవి కావు. ఒక ప్రాంతంలో 1000 మంది పెద్దవాళ్లని పరీక్షిస్తే మామూలువాళ్లు 800, వాహకులు 196, జబ్బున్నవాళ్లు 4. హార్డీ-వైన్‌బర్గ్ సమతౌల్యంలో (జన్యువు పౌనఃపున్యం నుంచి లెక్కకట్టిన నిష్పత్తుల్లో) ఉన్నారా? కై స్క్వేర్‌తో (ఉండాల్సిన, ఉన్న సంఖ్యల తేడాని కొలిచే పరీక్షతో) చెప్పు.

లంక_అమ్మాయి:
సార్, చేశాను. సికిల్ యుగ్మవికల్పం (అల్లీల్) పౌనఃపున్యం: వాహకులవి 196, జబ్బున్నవాళ్లవి 8, మొత్తం 204. దాన్ని 2000తో భాగిస్తే 0.102. ఉండాల్సిన సంఖ్యలు వరసగా 806.4, 183.2, 10.4. కై స్క్వేర్ మొత్తం 4.89 వచ్చింది. అందులో 3.94 జబ్బున్నవాళ్ల గడి నుంచే వచ్చింది. ఉండాల్సినవాళ్లు పది మంది, ఉన్నది నలుగురే.

ఇక్కడే ఆగిపోయాను. మూడు వర్గాలు కాబట్టి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 2 తీసుకుంటే పట్టికలో 5.99 ఉంది. నాది అంతకంటే తక్కువ, అంటే సమతౌల్యంలోనే ఉన్నట్టు. 1 తీసుకుంటే 3.84, అప్పుడు లేనట్టు. ఏది తీసుకోవాలి?

ఏజెన్సీ_లెక్చరర్:
1 తీసుకోవాలి తల్లీ. మూడు వర్గాల్లోంచి మొత్తం 1000 అన్న షరతుకి ఒకటి పోతుంది. 0.102 అన్నది నువ్వు బయట నుంచి తేలేదు, ఇవే అంకెల్లోంచి తీశావు, దానికి ఇంకొకటి పోతుంది. మిగిలింది 1. మెండెల్ 9:3:3:1 లెక్కలో ఆ నిష్పత్తి ముందే సిద్ధాంతం నుంచి వస్తుంది కాబట్టి అక్కడ ఒకటే తీసేస్తాం. అందుకే అక్కడ 3.

కాబట్టి వీళ్లు సమతౌల్యంలో లేరు. జబ్బున్నవాళ్లు తక్కువ, వాహకులు కాస్త ఎక్కువ. చిన్నప్పుడే చనిపోయిన పిల్లలు ఈ 1000 మందిలో లేరన్నది ఒక కారణం కావచ్చు. వాహకులకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందన్నది ఇంకొకటి. ఈ రెంటిలో ఏది ఎంతో ఈ అంకెలు మాత్రమే చెప్పలేవు. తేల్చాలంటే ఇంకెవరిని పరీక్షించాలి?

లంక_అమ్మాయి:
అదే ప్రాంతంలో అప్పుడే పుట్టిన పిల్లల్ని. వాళ్లలో సమతౌల్యం ఉండి, పెద్దవాళ్లలో లేకపోతే తేడా మధ్యలో వచ్చినట్టు. మధ్యలో ఒకటి, రెండు వయసుల వాళ్లని కూడా పరీక్షిస్తే, జబ్బున్నవాళ్లు తగ్గడం ఎప్పుడు మొదలైందో, వాహకులు పెరగడం ఎప్పుడు మొదలైందో విడివిడిగా కనబడుతుంది కదా సార్?

ఏజెన్సీ_లెక్చరర్:
కనబడుతుంది. మలేరియా లేని పక్క ప్రాంతాన్ని కూడా పక్కన పెట్టుకుంటే ఇంకా బాగా తేలుతుంది. తర్వాతి లెక్క ఆదివారం పెడతాను, లింకేజ్ మీద.